మాటల తీగపై లెక్కల ప్రయాణము



టెలిఫోను తీగ మనుష్యుని కంఠధ్వనిని మోయుటకై పుట్టినది. నోరులేని యంత్రములు ఆ తీగమీదనే ఒకదానితో నొకటి లెక్కలు చెప్పుకొనుట పిమ్మట వచ్చిన విద్య. కొండమీది జలాశయములో నీరెంత యున్నదో పట్టణమందలి యుద్యోగి కెఱిగించుట, అడవిలోని విద్యుత్కేంద్రమున నొక మీట తెగినదని చెప్పుట, తైలపు గొట్టములో నొత్తిడి తగ్గినదని హెచ్చరించుట మొదలగు పనులను అనేక సంవత్సరములు ఒక చిన్నపెట్టె నిర్వహించినది. దానికి మోడెము అని పేరు. ఆ పెట్టె యెట్లు పుట్టినది, దానిని తీగకు కట్టి పరీక్షించు విధమెట్టిది, ఆ పరీక్షలో మనము నేర్వదగిన దేమి యనునవి నేటి ప్రసంగ విషయములు.

ఇది యంత్రవేత్తలకు మాత్రమే కావలసిన కథ యని తలపవలదు. నేడు కాలువలలోని నీరు, ఇండ్లలోని దీపము, బ్యాంకులోని ధనము వీనిని గూర్చిన వార్తలను పెక్కు తావుల యంత్రములే చెప్పుచున్నవి. మనుష్యుడు చెప్పినచో మొగము చూచి కొంత గ్రహింతుము. యంత్రమునకు మొగము లేదు. కావున దాని మాట నెంతవఱకు నమ్మవచ్చునో తెలిసికొనుట గ్రామమున నలుగురికి బుద్ధి చెప్పు పెద్దలకు అవసరమే యగును.

వార్త చెడకుండ చేరవలెనను చింత క్రొత్తది కాదు. మన వేదాధ్యాయులు గ్రంథము చేతబట్టకయే వేల మంత్రములను తరతరములుగ కాపాడిరి. ఎట్లు? సంహితను మాత్రము వల్లించి యూరకుండలేదు. పదపాఠము, క్రమపాఠము, జట, ఘనము అని వేఱువేఱు రీతుల నదే మంత్రమును వల్లించిరి. జటలో రెండేసి పదములను ముందునకు, వెనుకకు, మఱల ముందునకు చెప్పుదురు. ఒక పదము జాఱినచో ఆ కూర్పే తప్పును పట్టి యిచ్చును. తాటియాకులపై వ్రాసిన లేఖకులు 32 అక్షరముల నొక గ్రంథముగ లెక్కించి, పుస్తకము చివర గ్రంథసంఖ్యను వేయుట గలదు. ప్రతి వ్రాసినవాడు ఆ సంఖ్యతో సరిచూచుకొనును. పద్యకవిత్వమునను అంతే. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములుండవలెను. 19 మాత్రమే కనబడినచో ఒకటి జాఱినదని బాలుడైనను చెప్పగలడు. ఒకటి జాఱి, వేఱొకటి యెక్కువై సంఖ్య సరిపోయినను, గణములు చెడినప్పుడు యతియో, ప్రాసయో దొంగను పట్టును. ఈ యుపాయములన్నిటి సారమొక్కటే: వార్తతోపాటు వార్తకు సాక్షిని గూడ పంపుట. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మోడెముల కథలో నిది మఱల వచ్చును.

తీగమీద వార్త పంపుట తంతితో మొదలైనది. 1844లో మోర్సు అమెరికాలో వాషింగ్టను నుండి బాల్టిమోరునకు తంతి వార్తను పంపెను. మన దేశమున ఓషానెస్సీ యను వైద్యుడు 1839లోనే కలకత్తాయందు తీగలతో ప్రయోగములు చేసెను. 1850-51 నాటికి కలకత్తానుండి డైమండ్ హార్బరు వైపున తంతి మార్గము వేయబడెను. అయితే తీగను వేయుట వేఱు, దానిని పరీక్షించుట వేఱు. ఈ భేదమును లోకమునకు గట్టిగ నేర్పినది అట్లాంటిక్ సముద్రగర్భపు తీగ.

1858 ఆగస్టులో ఐర్లండు నుండి న్యూఫౌండ్లండు వఱకు సముద్రపు టడుగున తీగ వేయబడెను. విక్టోరియా రాణి సందేశము 98 మాటలు. అవి యావలి యొడ్డునకు చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. ఆ తీగ బ్రదికిన కొలది దినములలో మన దేశముతో సంబంధించిన వార్తయు నొకటి దానిపై నడచెను. 1857లో హిందూదేశమున పుట్టిన తిరుగుబాటు నణచుటకై కెనడా ప్రాంతమునుండి రెండు పటాలములను ఓడలపై రప్పింప నాజ్ఞయై యుండెను. ఆ యవసరము తీఱినదని, పటాలములు కదలనక్కఱలేదని, 1858 ఆగస్టు చివర ఆ తీగమీద వార్త పోయెను. ఓడపై పంపినచో ఆ వార్త చేరునప్పటికి సైన్యము సముద్రము మీద నుండెడిది. ఒక్క వార్తచే వేలకొలది పౌనుల వ్యయము తప్పెను.

కాని యా తీగ నెల దినములు నిండకమునుపే మూగవోయెను. తీగపై కప్పిన పూత కొన్నిచోట్ల సరిగా లేదు. ముందుగా తగిన పరీక్షలు జరుగలేదు. వార్త మందముగ పోవుచున్నదని, వైట్‌హౌసు అను నధికారి సుమారు 2000 వోల్టుల బలముతో విద్యుత్తును దానిలోనికి త్రోసెను. బలహీనమైన పూత దానికి తాళలేకపోయెను. దానికి మాఱుగ, విలియం థామ్సను అను పండితుడు స్వల్పమైన విద్యుత్తునే పంపి, ఆవలి వైపున నతి సూక్ష్మమైన కదలికను చూపు అద్దపు సాధనముతో దానిని గుర్తింపవచ్చునని బోధించెను. గట్టిగ అఱచుటకంటె జాగ్రత్తగ వినుట మేలని యాతని మతము. పిమ్మట విచారణ సంఘము కూర్చుండి 1861లో నివేదిక నిచ్చెను. ఆ యేడే తీగల నిరోధమును కొలుచుటకు లోకమంతట నంగీకరింపదగిన మానమును నిర్ణయింప బ్రిటిషు విజ్ఞాన సంఘము పూనుకొనెను. 1866లో వేసిన తీగ నిలిచినది. కొలత లేనిదే నమ్మకము లేదను సూత్రము ఈ నష్టమునుండి పుట్టినది.

1876లో అలెగ్జాండరు గ్రాహం బెల్లు టెలిఫోనునకు అధికారపత్రమును పొందెను. టెలిఫోను తీగ ప్రతి నాదమును మోయదు. మానవుని మాట తెలియుటకు చాలునంత వఱకే, అనగా సెకనునకు సుమారు 300 మొదలు 3400 కంపనముల వఱకు గల నాదములనే మోయును. తంతిలోని చుక్కయు గీతయు నాదములు కావు. అవి విద్యుత్తును కొంతసేపు నిలిపి త్రోయుటలు. దూరపు టెలిఫోను మార్గములలో నడుమ నుండు సాధనములు ఊగులాడు విద్యుత్తును పోనిచ్చును గాని, నిలుకడగా పాఱు విద్యుత్తును పోనీయవు. కాబట్టి తంతిలోని గుర్తులను ఉన్నవి యున్నట్లుగ టెలిఫోనుపై పంపుట సాధ్యము కాదు.

దీనికి మన యూళ్లలోనే దృష్టాంతము గలదు. దేవుని రథము రాజవీధిలో పోవును గాని సందులో పట్టదు. అయినను సందులోనివారికి దర్శనము కావలెనన్న, మూర్తిని రథమునుండి దింపి పల్లకిలో వేంచేపు చేయింతురు. సందు దాటిన పిమ్మట మఱల రథమెక్కింతురు. మోడెము చేయు పని యిదే. యంత్రములోని లెక్క ‘ఒకటి’, ‘సున్న’ యను రెండు గుర్తులతోనే వ్రాయబడును. ఈ గుర్తునకు బిట్టు అని పేరు. ఒకటి వచ్చినప్పుడు ఒక స్వరము, సున్న వచ్చినప్పుడు వేఱొక స్వరము తీగమీద పలుకును. ఆవలి పెట్టె యా స్వరములను విని మఱల ఒకట్లుగ, సున్నలుగ మార్చును. ఈవల స్వరముగ మార్చునది మాడ్యులేటరు. ఆవల విడదీయునది డిమాడ్యులేటరు. ఆ రెండు పేళ్ల మొదళ్లను అతికించి మోడెము అనిరి.

ఈ సాధనము పెరుగుటకు యుద్ధభయము కారణమైనది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికావారు శత్రువిమానములను కనిపెట్టుటకు రాడారు కేంద్రములను స్థాపించిరి. ఆ కేంద్రములు కన్నదానిని దూరమందలి గణనయంత్రమునకు తోడనే తెలుపవలెను. అందుకై క్రొత్త తీగలను దేశమంతట వేయుటకంటె, ఉన్న టెలిఫోను తీగలపైననే అంకెలను పంపు మార్గమును వెదకిరి. 1958లో పనికి వచ్చిన సేజి యను వాయురక్షణ వ్యవస్థలో నిట్టి మోడెములు పెక్కు వినియోగింపబడెను. ఆ కాలపు పెట్టెలలో నొకటి సెకనునకు 110 బిట్లను పంపునది. అనగా సుమారు 10 అక్షరములు. 1962లో బెల్లు సంస్థవారు 103 అను సంఖ్యగల మోడెమును వెలువరించిరి. అది సెకనునకు 300 బిట్లను పంపును. పిలిచినవాడు 1270, 1070 కంపనముల స్వరములతోను, బదులు చెప్పువాడు 2225, 2025 కంపనముల స్వరములతోను పలుకుటచేత, ఇరువురు ఏకకాలమున మాటలాడినను ఒకరి మాట నొకటి మ్రింగదు. ఐరోపాలో వాడిన 1964 నాటి నియమమున స్వరములు వేఱు: ఒకవైపు 980, 1180, రెండవవైపు 1650, 1850. వేగమొకటే, పద్ధతియొకటే, శ్రుతి మాత్రము వేఱు. శ్రుతి కలియని వీణలవలె ఆ రెండు జాతుల పెట్టెలు ఒకదాని నొకటి యెఱుగవు. మోడెమును అమర్చువాడు మొదట చూడవలసినది ఈ శ్రుతి సామ్యమే.

ఇట మనస్సునకు హత్తుకొను నొక వృత్తాంతము గలదు. టెలిఫోనును నిర్మించిన బెల్లు, చెవిటివారికి చదువు చెప్పిన యుపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి చెడినది. భార్యకును చెవులు వినరావు. అట్టివాని చేతిలో పుట్టిన యంత్రము చెవులు గలవారి నందఱిని దగ్గఱ చేసి, చెవిటివారిని మాత్రము బయట నిలిపినది. 88 సంవత్సరములు గడచిన పిమ్మట, 1964లో, కాలిఫోర్నియాలో రాబర్టు వైట్‌బ్రెక్టు అను భౌతికశాస్త్రజ్ఞుడు దీనికి పరిహారము కనుగొనెను. ఆయన పుట్టు చెవిటివాడు. జేమ్సు మార్స్టర్సు అను దంతవైద్యుడును చెవిటివాడే. ఆయన ప్రోత్సాహముతో, తంతి కచేరీలలో వాడి విడిచిన టైపు యంత్రములను తీసికొని, టెలిఫోను తీగపై వానిచే మాటలాడింప బూనిరి.

ఆ కాలమున టెలిఫోను సంస్థ తీగకు పరుల సాధనమును తగిలించుట నిషిద్ధము. కాబట్టి వైట్‌బ్రెక్టు తీగను ముట్టలేదు. టెలిఫోను చేతిగొట్టమును పెట్టెమీది రెండు గుంటలలో నుంచెను. పెట్టె గొట్టములో స్వరములు పాడును. గొట్టమునుండి వచ్చు స్వరములను వినును. ఒకటికి 1400, సున్నకు 1800 కంపనములు. మొదట నటునుండి వచ్చిన యక్షరములు కలగాపులగముగ నుండెను. తీగపై తిరిగివచ్చు ప్రతిధ్వనియు నొక చిక్కు. మాఱుమాఱు సవరించి, మఱల మఱల పరీక్షింపగా, తుదకు కాగితముపై శుద్ధమైన మాటలు పడెను. చెవులు లేని యిరువురు, నడుమ నెవరి సాయము లేక, టెలిఫోనుపై సంభాషించిరి. పరీక్ష యనునది యొక్క లాభనష్టముల లెక్క కాదని, దాని చివర నొక మనుష్యుడు వేచియుండునని ఈ కథ మనకు చెప్పుచున్నది.

తీగపై నిషేధమును తొలగించిన వ్యవహారమును చెప్పెదను. టెక్సాసు రాష్ట్రమున థామసు కార్టరు అను నాతడు, దూరపు తైలక్షేత్రములలో పనిచేయువారి రేడియో మాటను టెలిఫోనుతో కలుపు సాధనమును అమ్మెను. టెలిఫోను సంస్థ అభ్యంతరము పెట్టెను. 1968 జూనులో అమెరికా వార్తాసంబంధ నియామక సంఘము, తీగకు హాని చేయని పరసాధనములను నిషేధించుట న్యాయము కాదని తీర్పు చెప్పెను. అంతట మోడెముల నిర్మాణము పలువురి చేతులలోనికి వచ్చి, వెల తగ్గి, విరివిగా వ్యాపించెను. యంత్రమునకును మోడెమునకును నడుమ నుండు త్రాటికి 1960లోనే ఆర్ ఎస్ 232 అను నియమ మేర్పడియుండెను. 1981లో హేసు వారి స్మార్టు మోడెము వచ్చినది. ఇది యంత్రము పంపు అక్షరములనే యాజ్ఞలుగ గ్రహించి, తానే సంఖ్యను త్రిప్పి, తానే పిలుపునకు బదులు చెప్పును. కావలి మనుష్యుడు లేనిచోట నిది గొప్ప యుపకారము.

కర్మాగారములలో వాడు మోడెము ఇంటి మోడెమునకు తోడబుట్టినదే యైనను, దాని నడవడి వేఱు. అది ఎండలో, దుమ్ములో, మోటారుల ప్రక్కన, ఇనుప బీరువాలో లోహపు పట్టీపై నిలిచి యేండ్ల తరబడి పనిచేయవలెను. సాధారణముగ 24 వోల్టుల విద్యుత్తుతో నడచును. పిడుగు పడినప్పుడు తీగమీద వచ్చు నుప్పెనను భూమిలోనికి దింపు రక్షణ దాని ముందుండవలెను. ఇంకొక విశేషము వినుడు. మోడెముల వేగము 300 బిట్లనుండి 1990 తరువాతి యేండ్లలో 33,600 వఱకు పెరిగినది. అయినను, పంపుల కేంద్రమునుండి నాలుగైదు అంకెలను పంపుటకు తఱచు మందగతి మోడెమునే కోరిరి. ఏలయన, వేగముగల పెట్టెలు మొదట ఒకదాని శక్తి నొకటి తెలిసికొనుటకే పలు సెకనులు వ్యయపఱచును. నెమ్మది పెట్టె ఆలోపల నాలుగు మాటలు చెప్పి గొట్టము దింపివేయును. పైగా పాడు తీగపై నెమ్మది స్వరమే స్పష్టముగ వినబడును. పొరుగు వాకిటికి పోవుటకు గుఱ్ఱమునకు జీను కట్టువాడెవడు?

ఇక పరీక్షాక్రమము. తార్కికులు కారణమును నిర్ణయించునప్పుడు అన్వయ వ్యతిరేకములను చూతురు గదా. ఇది యుండ నది యుండునా, ఇది లేకున్న నది లేకపోవునా యని విడదీయుదురు. మోడెము పరీక్షయు నట్టిదే. అన్నిటిని ఒక్కసారి కట్టి, పనిచేయుట లేదని తల పట్టుకొనుట నేర్పు కాదు.

మొదట తీగను మాత్రమే చూడవలెను. టెలిఫోను దింపియున్నప్పుడు తీగల నడుమ సుమారు 48 వోల్టులుండును. గొట్టమెత్తినంతనే అది కొలది వోల్టులకు పడిపోవును. ఈ మార్పు కనబడకున్న దోషము తీగలోనో, అవతలి కచేరీలోనో కలదు. మోడెమును నిందించి ఫలము లేదు. పిలుపు మ్రోగునప్పుడు తీగపై నింతకంటె నధికమగు ఊగు విద్యుత్తు వచ్చును గాన చేతిని దూరముంచవలెను. సామాన్యమైన టెలిఫోనును తగిలించి చెవియొగ్గి, బుర్రుమను రొదయున్నదో లేదో వినవలెను.

రెండవది, దగ్గఱి మోడెము. యంత్రమునకును మోడెమునకును వేగమొకటిగ, అక్షరమునకు బిట్ల సంఖ్య యొకటిగ నుండునట్లు నియమించి, మోడెము పంపిన స్వరమును తీగమీదికి పోనీయక దాని చెవికే త్రిప్పవలెను. పంపిన యక్షరములు మాఱక తిరిగి వచ్చినచో, ఈవలి త్రాడును పెట్టెయు నిర్దోషములు.

మూడవది, దూరపు మోడెము. దానిని పిలిచి, వచ్చినదానిని వచ్చినట్లే త్రిప్పిపంపు మని యాజ్ఞాపింపవలెను. ఇప్పుడు వార్త తీగ పొడవునను పోయి వచ్చును. మొదటి వలయము సరియై, రెండవది చెడినచో, దోషము తీగయందో దూరపు పెట్టెయందో కలదని తేలును. దొంగ దాగిన యిల్లు రెండిండ్లకు దిగినట్లు.

నాలుగవది, లెక్క. ముందుగ నిర్ణయించిన 511 బిట్ల వరుసను విడువక పంపుచు, ఎన్ని తప్పులు వచ్చినవో లెక్కించుట వాడుక. 1,00,000 బిట్లలో ఒక్క తప్పు సాధారణముగ సహింపదగిన మేర యని యెంచుదురు. అయితే ఈ పరీక్షను తీఱిక వేళ నడుపుట చాలదు. పంపు మోటారు కదలునప్పుడు, వాన కురియునప్పుడు నడపవలెను. విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు, ఎవరును ముట్టకయే పెట్టె మేల్కొని పిలుపునకు బదులు చెప్పునా యని చూడవలెను. శుభకార్యమునాడు అందఱును బంధువులే. బంధువుని పరీక్షించునది ఆపద. తుదకు నాటి తేదీతో కొలతలన్నియు వ్రాసి బీరువాలో నుంచవలెను. రేపు చెడినప్పుడు నిన్నటి కొలతయే వైద్యునికి నాడి.

తప్పు వచ్చినదని యంత్రమునకెట్లు తెలియును? మొదట చెప్పిన సాక్షి యిట తిరిగి వచ్చినది. ప్రతి యక్షరముతో నొక యదనపు బిట్టును జతచేసి, ఒకట్ల సంఖ్య సరిసంఖ్యగనో బేసిగనో యుండునట్లు చేయుదురు. ఇది యుత్పలమాలలో అక్షరములు లెక్కించుట వంటిది. ఒక తప్పును పట్టును, రెండు తప్పులు కలిసివచ్చిన మోసపోవును. దీనికంటె దృఢమైనది భాగహారముచే వచ్చు శేషమును వార్త చివర పంపుట. 1961లో పీటర్సను అను పండితుడు దీనిని శాస్త్రీయముగ ప్రతిపాదించెను. ఇదియు మన పెద్దలెఱిగిన జాడయే. 34ను 23చే గుణించిన 782. సరియేనా? 34లోని యంకెలు కలిపిన 7, 23లోనివి కలిపిన 5. ఆ రెంటి గుణితము 35. దాని యంకెలు కలిపిన 8. 782లోని యంకెలు కలిపిన 17. మఱల కలిపిన 8. రెండును కలిసినవి. తొమ్మిదిచే భాగింపగ మిగులు శేషము సాక్ష్యము పలికినది.

ఇంతవఱకు వార్త చెడకుండుట. వార్త సత్యమగుట వేఱొక విషయము. ఆప్తవాక్యము ప్రమాణమని మన శాస్త్రకారులనిరి. ఆప్తుడనగా ఉన్నదానిని ఉన్నట్లు చూచి, చూచినదానిని చూచినట్లు చెప్పువాడు. మోడెము రెండవదానినే సాధించును. మొదటిది నీటిమట్టమును కొలుచు సాధనము పని. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున టాం సాకు అను చోట కొండమీద నొక జలాశయముండెను. దూరమునుండి నడపబడు పంపులచే అది నిండును. నీటిమట్టమును కొలుచు సాధనములను పట్టియుంచిన గొట్టములు కట్టు వదలి వంగుటచే, అవి యున్నదానికంటె తక్కువ మట్టమును చెప్పెను. 2005 డిసెంబరు 14 తెల్లవాఱుజామున పంపులాగక నీరు గట్టు పొర్లి, గట్టు తెగి, నూఱు కోట్ల గ్యాలనులకు మించిన నీరు అరగంటలోపల లోయలోనికి దూకెను. క్రింద నున్న యొక కుటుంబమును, వారి పిల్లలను ప్రవాహము కొట్టుకొనిపోయినను, దైవవశమున నందఱును బ్రదికిరి. అచ్చట తప్పు తీగది కాదు, వార్త మోసిన పెట్టెది కాదు. అబద్ధము ఏ మార్పును లేక చేరినది. చేరినది గావుననే నమ్మబడినది.

రెండవ యపాయము, తలుపు తీసి పిలిచినవారికెల్ల బదులు చెప్పుట. 1997 మార్చి 10న మాసచూసెట్సు రాష్ట్రమందలి వుస్టరు పట్టణమున నొక బాలుడు, టెలిఫోను సంస్థవారి యంత్రమునకు కట్టియున్న మోడెమును పిలిచి, లోనికి చొచ్చి, దానిని నిలిపివేసెను. అందుచే విమానాశ్రయపు కావలి గోపురమునకు సుమారు 6 గంటలు టెలిఫోను సేవ లేకపోయెను. పిలుపునకు బదులు చెప్పుట యొక గుణము. ఎవరని యడిగి బదులు చెప్పుట వివేకము. మోడెమును పరీక్షించువాడు, సంకేతపదము లేనివానిని అది వెడలగొట్టునా యనియు చూడవలెను.

మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ సంచార నిగమమువారు ప్రజలకు ఇంటర్నెట్టును అందించినప్పుడు ఇండ్లవారు దానిని చేరినది టెలిఫోను తీగపై మోడెము పాడిన పాటతోనే. ఆ కీచుధ్వనిని విన్నవారు మన పట్టణములలో నిప్పటికిని పెక్కురు గలరు. 2013 జూలైలో మన తంతి సేవ ముగిసినది. పలు దేశములలో రాగి టెలిఫోను తీగలును క్రమముగ తొలగింపబడుచున్నవి. గాజుతీగలును రేడియోయు వాని పనిని చేయుచున్నవి. పల్లకి మాఱినది. మూర్తిని జాగ్రత్తగ మోయవలెనను ధర్మము మాఱలేదు.

కాబట్టి పెద్దలారా, మీ యూరి చెఱువును గూర్చియో, కాలువ తూమును గూర్చియో, విద్యుత్తును గూర్చియో యంత్రమిట్లు చెప్పినదని యెవరైన వచ్చి చెప్పినప్పుడు, మూడు ప్రశ్నలు వేయుడు. చూచిన సాధనమును కడపట నెవరు, ఎన్నడు సరిచూచిరి? వార్త దారిలో చెడలేదనుటకు సాక్ష్యమేమి? వార్తను పంపినది మన యంత్రమేనా, పరులా? ఈ మూటికి ఉద్యోగి వ్రాతపూర్వకముగ బదులు చూపగలిగెనా, నిశ్చింతగ నమ్ముడు. చూపలేకపోయెనా, ఒక మనుష్యుని గట్టుమీదికి పంపి, కంటితో నీటిని చూచి రమ్మనుడు.